ఈ-పుస్తకముల ఎరవు: ప్రజాగ్రంథాలయముల స్వామ్యవిచారము

ప్రజాగ్రంథాలయములందు ఈ-పుస్తకములను పాఠకులకు ఎరవిచ్చు ఏర్పాటును గూర్చిన ప్రసక్తి వచ్చినపుడెల్ల ముందుగా వినవచ్చు ప్రశ్నలు మూడు: ఏ యంత్రములు కొనవలెను? ఏ సంస్థకు పని ఒప్పగింపవలెను? వ్యయమెంత యగును? ఇవి అడుగదగిన ప్రశ్నలే. కాని వీనికన్నిటికిని ముందు తేల్చుకొనవలసిన ప్రశ్న వేరొకటి కలదు. గ్రంథాలయము తాను ఎరవిచ్చుచున్న పుస్తకమునకు తానే స్వామియా, కాదా? ఈ వ్యాసమున మేము విచారింపబూనినది ఈ ఒక్క ప్రశ్ననే. దీనిని తేల్చుకొనక నెలకొల్పిన సేవ కొన్నాళ్లు శోభించినను, పిదప గ్రంథాలయమును రిక్తహస్తమున నిలుపునని మా తలంపు.

తెలుగున ఒకరి వస్తువును మరియొకరు వాడుకొనుటను తెలుపు మాటలు పెక్కు కలవు. అవి పర్యాయపదములు కావు. పెండ్లికి పొరుగింటి నగను ఎరవు తెచ్చుకొన్న ఇల్లాలు ఆ నగనే మరల ఇచ్చివేయవలెను. చేటెడు బియ్యము బదులు తెచ్చుకొన్నచో అంతటి బియ్యము ఇచ్చిన చాలును. ఆ గింజలే కానక్కరలేదు. ఇంటికి అద్దె, పొలమునకు కౌలు. కౌలుదారు పొలమును దున్నుకొనును, ఫలము ననుభవించును; గడువు తీరిననాడు విడిచిపెట్టి రావలసినదే. ఆ పొలమును తాను వేరొకరికి ఇయ్యదలచినచో భూస్వామి అనుమతి కావలెను. ఈ భేదములు మన పల్లెలలో అక్షరము రానివారికిని తెలియును. ఈ-పుస్తకముల విషయమున మాత్రము చదువుకొన్నవారమే వీనిని కలగాపులగము చేయుచున్నాము. కౌలుకు తెచ్చినదానిని కొన్నట్లు చెప్పుకొనుచు, దానినే పాఠకునకు ఎరవిచ్చుచున్నామని తలంచుచున్నాము.

అచ్చుపుస్తకము విషయమున ఈ చిక్కు లేదు. గ్రంథాలయము ప్రతిని కొనును. కొన్ననాటినుండి దానికి స్వామి యగును. 1957 నాటి భారత గ్రంథస్వామ్య చట్టము 14వ విభాగమున, సాహిత్యకృతుల ప్రతులను లోకమునకు విడుదల చేయు హక్కును గ్రంథస్వామికి ఇచ్చుచునే, అదివరకు చెలామణిలోనున్న ప్రతులను ఆ హక్కునుండి మినహాయించినది. ఒకమారు విక్రయమైన ప్రతిని చెలామణిలోనున్నదానిగనే భావింపవలెనని వివరణయు చేర్చినది. ప్రకాశకుని అడుగకయే ప్రజాగ్రంథాలయము పుస్తకమును పాఠకుని ఇంటికి ఈయగలుగుటకు ఈ మినహాయింపు బలమైన ఆధారము. హైదరాబాదున 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, వేటపాలెమున 1918లో నెలకొన్న సారస్వత నికేతనము తరతరముల పరిశోధకులకు ఉపకరించినవన్నచో, తాము సేకరించిన ప్రతులపై వానికి స్వామ్యముండుటయే మొదటి కారణము. ఆ నాటి ప్రకాశకులలో పెక్కురు నేడు లేరు. వారు విక్రయించిన పుస్తకములు మాత్రము బీరువాలలో నున్నవి.

ఈ-పుస్తకమునకు వచ్చుసరికి ప్రతి యను భావమే మారినది. పాఠకుడు తన ఫోనులోనికి పుస్తకమును దింపుకొనుటయే ఒక నకలు తీయుట. ఆ నకలు మూలముతో సర్వసమానము. అరుగదు, చిరుగదు, చెదలు పట్టదు. నకలు తీయించు హక్కు గ్రంథస్వామిది గనుక, పుస్తకము చేతులు మారినపుడెల్ల ఆయన అనుమతి కావలసి వచ్చినది. ఆ అనుమతి గ్రంథాలయమునకు ఒప్పందరూపమున లభించును. వాడుకలో దీనిని లైసెన్సు అందురు. మన మాటలో చెప్పవలెనన్నచో ఇది కౌలుపత్రము.

ఈ సేవ నడచు తీరు సామాన్యముగ ఇట్లుండును. గ్రంథాలయము ఒక పుస్తకమునకు మూడు ప్రతుల అనుమతి పొందినచో ఏకకాలమున ముగ్గురు మాత్రమే చదువగలరు. నాలుగవ పాఠకుడు వరుసలో వేచియుండవలెను. దీనిని 'ఒక ప్రతికి ఒక పాఠకుడు' అను నియమమందురు. పుస్తకమునకు ఒక తాళముండును; రెండు వారములో మూడు వారములో గడువు తీరగానే అది తనంతట తాను పడును. పుస్తకమును తిరిగి తెచ్చి ఇచ్చు శ్రమ లేదు, ఆలస్యరుసుము లేదు. దూరమున నున్నవారికి, నడువలేని వృద్ధులకు, అక్షరములను పెద్దవి చేసికొని చదువవలసిన మందదృష్టులకు ఇది గొప్ప ఉపకారము. ఈ గుణములను మేము తక్కువ చేయుట లేదు. అయితే సాధారణముగ తాళపుచెవియు, పుస్తకమున్న పెట్టెయు, పాఠకుల పట్టికయు గ్రంథాలయము చేతిలో నుండవు. నడుమనున్న వ్యాపారసంస్థ చేతిలో నుండును. మా ఆక్షేపణ ఇచ్చటనే మొదలగుచున్నది.

అమెరికాలో ఈ విధానము ఆరంభమై ఇరువదేండ్లు గడచినవి. 2003లో క్లీవ్‌లాండ్ ప్రజాగ్రంథాలయము ఓవర్‌డ్రైవ్ సంస్థద్వారా ఈ-పుస్తకములను పాఠకులకు ఈయసాగినది. పాఠకులు పెరిగినకొలది ప్రకాశకుల షరతులు బిగిసినవి. 2011లో హార్పర్‌కాలిన్స్ సంస్థ తన ఈ-పుస్తకమును 26 మార్లు ఎరవిచ్చిన పిదప గ్రంథాలయము మరల వెల చెల్లింపవలెనని నియమించినది. మారునకు రెండు వారముల చొప్పున 26 మార్లనగా 52 వారములు, అనగా ఒక సంవత్సరము. అచ్చుపుస్తకము అరిగిపోవుటను దృష్టియందుంచుకొని ఈ సంఖ్యను నిర్ణయించితిమని వారి సమాధానము. అంతకు మించి తిరిగియు చెక్కుచెదరని అచ్చుప్రతులను అచ్చటి గ్రంథాలయాధికారులు ఎత్తి చూపిరి. అరుగుట యనునది కాగితపు దోషము. అరుగని వస్తువునకు ఆ దోషమును కల్పించి, దానికి వెల కట్టుట విచిత్రము.

2018లో పెంగ్విన్ రాండమ్ హౌస్ సంస్థ, అదివరకు గడువు లేకుండ ఇచ్చుచుండిన అనుమతులను మాని, రెండేండ్ల గడువునకు మారినది. 2019 నవంబరునుండి మాక్మిలన్ సంస్థ, క్రొత్త పుస్తకము వెలువడిన మొదటి ఎనిమిది వారములలో ఎంత పెద్ద గ్రంథాలయవ్యవస్థకైనను ఒక్క ప్రతిని మాత్రమే ఇత్తునన్నది. గ్రంథాలయములు ఎదిరించినవి. 2020 మార్చిలో ఆ సంస్థయే ఆ నియమమును ఉపసంహరించుకొన్నది. ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. నియమమును పెట్టినదియు, తీసినదియు ప్రకాశకుడే. గ్రంథాలయము మొదట బాధపడినది, పిదప సంతోషించినది. నిర్ణయించుటకు మాత్రము దానికి అధికారము లేకపోయినది.

కౌలు ఫలితము కొన్నేండ్లకు గాని తెలియదు. ఒక గ్రంథాలయము ఏటేట నూరు పుస్తకములకు రెండేండ్ల అనుమతులు పొందుచున్నదనుకొందము. మొదటి ఏడు నూరు, రెండవ ఏడు రెండు నూరులు. మూడవ ఏట క్రొత్తవి నూరు చేరుసరికి మొదటి నూరును జారిపోవును. పదియవ ఏటను ఆ గ్రంథాలయమున నుండునవి రెండు నూరులే. అంతే సంఖ్యలో పుస్తకములను ఏటేట కొన్న గ్రంథాలయమున పదియేండ్లకు వేయి నిలుచును. మొదటి గ్రంథాలయము సేకరణ చేయుట లేదు; చందా కట్టుచున్నది. ఏ సంవత్సరమైన నిధులు ఆగినచో రెండవ గ్రంథాలయము క్రొత్తవానిని మాత్రమే కోల్పోవును. మొదటిది ఉన్నవానిలో సగమును కోల్పోవును; మరుసటి ఏడును నిధులు రాకున్నచో సర్వమును కోల్పోవును. ఆస్తిపన్నుతోపాటు వసూలగు గ్రంథాలయ సుంకముపై ఆధారపడిన మన జిల్లా గ్రంథాలయ సంస్థలు ఈ భేదమును మరువరాదు.

'ఎరవు సొమ్ము బరువుచేటు' అని మన సామెత. పరుల సొమ్ముతో వచ్చిన శోభ వారు తీసికొనగానే తొలగును. 2009లో అమెజాన్ సంస్థ, తన వద్ద వెల యిచ్చి కొన్నవారి కిండిల్ యంత్రములనుండి జార్జ్ ఆర్వెల్ నవలలను దూరమునుండియే తుడిచివేసినది. ఆ ప్రతులను అమ్మినవారికి అమ్ము హక్కు లేదన్నది కారణము. వెల తిరిగి ఇచ్చినమాటయు నిజమే. కాని అచ్చుపుస్తకమైనచో అంగడివాడు రాత్రివేళ ఇల్లు చొచ్చి బీరువానుండి దానిని కొనిపోజాలడు గదా! 2019లో మైక్రోసాఫ్ట్ సంస్థ తన ఈ-పుస్తకవిక్రయశాలను మూసినపుడు, కొన్నవారికి సొమ్ము మరల వచ్చినది, పుస్తకములు పోయినవి. వ్యక్తులకు కలిగిన ఈ నష్టమే గ్రంథాలయమునకు కలిగినచో, అది ఒక ఊరి పాఠకులకందరకు కలిగిన నష్టము.

న్యాయస్థానములు ఈ విషయమున ఏకముఖముగ లేవు. డచ్చి ప్రజాగ్రంథాలయముల సంఘము తెచ్చిన వ్యవహారమున ఐరోపా సమాఖ్య న్యాయస్థానము 2016 నవంబరు 10న, 'ఒక ప్రతికి ఒక పాఠకుడు' అను నియమముతో ఈ-పుస్తకము నిచ్చుటయు ఎరవే యగునని, ప్రతి సక్రమముగ లభించినదై యుండి రచయితకు ప్రతిఫలము ముట్టినచో అది చెల్లునని నిర్ణయించినది. అదే న్యాయస్థానము 2019 డిసెంబరులో, దింపుకొన్న ఈ-పుస్తకమును అచ్చుపుస్తకమువలె మరల అమ్ముటకు వీలులేదన్నది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రము, ప్రజలకు ఈ-పుస్తకములనమ్ము ప్రకాశకులు గ్రంథాలయములకును న్యాయమైన షరతులతో ఈయవలెనని 2021లో చట్టము చేయగా, అది సమాఖ్య గ్రంథస్వామ్యచట్టమునకు విరుద్ధమని 2022లో కొట్టివేయబడినది. తమ వద్దనున్న అచ్చుపుస్తకముల ఛాయాప్రతులను ఎరవిచ్చిన ఇంటర్నెట్ ఆర్కైవుపై నలుగురు ప్రకాశకులు 2020లో వ్యాజ్యము వేసిరి. 2023లో క్రింది న్యాయస్థానము, 2024లో పై న్యాయస్థానము ప్రకాశకుల పక్షముననే తీర్పు చెప్పినవి.

మన చట్టమున 2012లో చేరిన 52వ విభాగపు సవరణ, వ్యాపారదృష్టి లేని ప్రజాగ్రంథాలయము తన వద్ద అచ్చుప్రతి యున్నచో దానిని భద్రపరచుటకై ఎలక్ట్రానిక్ రూపమున నిలువచేసికొనవచ్చునని చెప్పుచున్నది. భద్రపరచుటను గూర్చియే చెప్పినది. ఎరవిచ్చుటను గూర్చి ఆ వాక్యమున మాట లేదు. అట్లే 1954 నాటి పుస్తకసమర్పణచట్టము అచ్చయిన పుస్తకములను ఉద్దేశించి పుట్టినది. కనుక అచ్చు లేకుండ ఈ-రూపముననే వెలువడు తెలుగు రచనను భావితరములకు నిలుపు భారము నేడు స్పష్టముగ ఎవ్వరి మీదను లేదు.

ఇచ్చట ప్రతిపక్షమువారి వాదమును న్యాయముగ ఎత్తిచూపుట మా విధి. వారందురు: అచ్చుపుస్తకమును ఎరవు తెచ్చుకొనుటకు నడచి పోవలెను, వరుసలో నిలువవలెను, గడువులోపల తిరిగి ఈయవలెను. ఈ కష్టమే కొందరిని పుస్తకము కొనునట్లు చేయును. మంచముమీద పరుండి క్షణములో ఉచితముగ పొందగలిగినచో కొనువారెవ్వరు? అందును తెలుగు రచయితలలో పలువురు తమ పుస్తకమును తామే అచ్చువేసికొని, ఐదువందలో వేయియో ప్రతులను అమ్ముకొనువారు. గ్రంథాలయము కొను ప్రతులే వారికి ఆధారము. అనంతకాలము చెల్లు ఒక్క ఈ-ప్రతిని జిల్లా కంతటికి కొన్నచో వారి గతి ఏమి?

ఈ వాదమున సత్యము కలదు. దీనిని త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. కాని దీనివలన సిద్ధించునది రచయితకు తగిన ప్రతిఫలము ముట్టవలెననుట మాత్రమే. గ్రంథాలయమునకు స్వామ్యముండరాదనుట సిద్ధింపదు. డెన్మార్క్ దేశమున 1946నుండి గ్రంథాలయములందలి పుస్తకములకై ప్రభుత్వము రచయితలకు ద్రవ్యమిచ్చు పద్ధతి కలదు. బ్రిటనులో 1979లో చట్టమై, 2018 జూలైనుండి ఇంటికి దింపుకొను ఈ-పుస్తకముల ఎరవునకును వర్తించినది. మన దేశమున అట్టి చట్టము లేదు. ఉండవలెనని మేము కోరుదుము. అది వచ్చులోపల, గ్రంథాలయము ఈ-ప్రతికి అచ్చువెలకు రెండింతలో మూడింతలో చెల్లించి స్వామ్యమును పొందుట రచయితకును మేలే. ప్రతిఫలము ఒకమారే సమగ్రముగ ముట్టును. కౌలుసొమ్ములో నడుమనున్నవారి వాటా తీయగా చిన్న ప్రకాశకునకు చేరునది ఎంత యను ప్రశ్నను ఆ వాదమువారును వేసికొనవలెను.

ఇక తెలుగునకు ప్రత్యేకమైన చిక్కులు రెండు కలవు. మొదటిది లిపి. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పునందే తెలుగునకు స్థానము లభించినను, మన ముద్రణాలయములు అంతకంటె భిన్నమైన ఫాంట్లతో చాలకాలము పని నడపినవి. వానిలో తెరపై 'క' యని కనబడునది యంత్రమునకు 'క' గా తెలియదు. వేరొక లిపిలోని గుర్తుగ తెలియును. అట్టి ఫైలునుండి పుటల బొమ్మలు తీయవచ్చును గాని, పదమును వెదకుటకు, ఫోనుతెరకు తగినట్లు పంక్తులు సర్దుకొనుటకు, అంధులకు యంత్రము చదివి వినిపించుటకు వీలుండదు. 2016 డిసెంబరున అమెజాన్ సంస్థ కిండిల్‌నందు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అను ఐదు భాషల పుస్తకశాలలను తెరచినపుడు అందు తెలుగు లేకుండెను. అంగడి తన లాభము చూచుకొనును. దానిని నిందించి ఫలము లేదు. అందువలననే అంగడి ఏర్పరచిన జాబితానుండి మాత్రమే ఏరుకొను గ్రంథాలయము తెలుగు పాఠకునకు తెలుగును సమగ్రముగ ఈయజాలదని మేమనుచున్నాము.

రెండవది పాఠనిర్ణయము. ఇది మన శాఖలవారికి మిక్కిలి ముఖ్యము. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1897లో ఒక రూపమున, 1909లో మిక్కిలి పెరిగిన వేరొక రూపమున వెలువడినది. ఈ రెంటిని వేరుపరుపక చేసిన విమర్శ నిలువదు. అచ్చుపుస్తకమునకు ముఖపత్రము, కూర్పుసంఖ్య, సంవత్సరము సాక్షులు. ఈ-పుస్తకమునందు ప్రకాశకుడు నిన్నటి పాఠమును నేడు మార్చినను పాఠకునకు తెలియకపోవచ్చును. పరిశోధకుడు తాను ఉదాహరించిన వాక్యము మరునాడు ఉండునో లేదో చెప్పలేని స్థితిలో పడును. స్థిరమైన ప్రతి గ్రంథాలయము చేతిలో నున్నచో అదియే ప్రమాణము. లేనిచో ప్రమాణము ప్రకాశకుని దయ.

నిలుపుకొనుటలో గల ప్రయాసకు మన కండ్లయెదుట ఒక దృష్టాంతము కలదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేర వేలకొలది ప్రాత తెలుగు పుస్తకముల పుటలు ఛాయాచిత్రములైనవి. తరువాత ఆ స్థానము మూతపడినది. వానిలో పెక్కు నేడు చదువ వీలగుచున్నవన్నచో, వాని ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవునందు చేరియుండుటయే కారణము. తాటాకుప్రతుల కాలమునను ఇట్లే జరిగినది. పలుచోట్ల నకళ్లున్న కావ్యము మిగిలినది. ఒక్క ఇంట నున్నది ఇంటితో పోయినది.

ఈ విచారమునుబట్టి, మన ప్రజాగ్రంథాలయములందు ఈ-పుస్తకసేవను మూడు మెట్లుగ కట్టవలెనని మా సూచన. మొదటి మెట్టు గ్రంథస్వామ్యకాలము ముగిసిన పుస్తకములు. మన చట్టమున రచయిత మరణించిన పిదప అరువదేండ్లకు ఆ కాలము తీరును. వీరేశలింగముగారు (1919), చిలకమర్తివారు (1946), సురవరము ప్రతాపరెడ్డిగారు (1953) తమ జీవితకాలమున ప్రకటించిన రచనలకు ఏ అనుమతియు అక్కరలేదు. వీనిని కూర్పుల భేదము తెలిపి, యూనికోడునందు పరిష్కరించి, తాళము లేకుండ ఈయవచ్చును. ఈ పని విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలు తోడుపడక జరుగదు.

రెండవ మెట్టు నేటి తెలుగు ప్రకాశకులు, రచయితలు. వారితో గ్రంథాలయ సంస్థలు నేరుగ ఒప్పందము చేసికొనవలెను. అమెరికాలో కొలరాడో రాష్ట్రపు డగ్లస్ కౌంటీ గ్రంథాలయములు ఈ మార్గమును త్రొక్కి, ఫైళ్లను కొని తమ సర్వరునందే ఉంచుకొని, ఒక ప్రతికి ఒక పాఠకుని చొప్పున ఇచ్చి చూపినవి. పెద్ద ప్రకాశకులు కలసిరాకున్నను చిన్నవారు పలువురు కలసివచ్చిరి. మన ప్రకాశకులలో అత్యధికులు చిన్నవారే గనుక ఈ మార్గము మనకు మరింత అనుకూలము. తాళము అవసరమైనచోట ఏ ఒక్క విక్రేతకును లోబడని రీడియం ఎల్‌సీపీ వంటి పద్ధతి కలదు. ఒప్పందమున ఉండవలసిన షరతులు ఐదు: అనుమతికి గడువుండరాదు, ఫైలు గ్రంథాలయము వద్దనే ఉండవలెను, పాఠము యూనికోడున ఉండి కూర్పుసంఖ్యను, సంవత్సరమును తెలుపవలెను, ప్రకాశనసంస్థ మూతపడినను గ్రంథాలయపు హక్కు చెడరాదు, ఎవ్వరేమి చదివిరను వివరము గ్రంథాలయమును దాటి పోరాదు.

మూడవ మెట్టు పెద్ద సంస్థల కౌలుపుస్తకములు. పోటీపరీక్షల పుస్తకములకు, ఆంగ్లగ్రంథములకు ఇవి కావలసివచ్చును. వలదనుట లేదు. కాని ఈ వ్యయమును పుస్తకముల కొనుగోలు పద్దున వ్రాయరాదు. దీపముల ఖర్చువలె చందాపద్దున వేరుగ చూపవలెను. పద్దు వేరైననాడు నిజము దానంతట అదియే బయటపడును.

1935లో పెదపాలెము సేవకులు కృష్ణాకాలువపై పడవలో పుస్తకములను ఊరూర త్రిప్పిరి. ఈ-పుస్తకము నేటి పడవ. ఇది ఆ పడవకంటె వేగముగ, దూరముగ పోగలదు. ఆ నాటి పడవలోని పుస్తకములు గ్రంథాలయమువి. అందుచేతనే అవి ఒక ఊర దిగి, మరల ఎక్కి, మరియొక ఊర దిగగలిగినవి. పడవను సిద్ధపరచుటకు ముందు పుస్తకములెవ్వరివో తేల్చుకొనుడని గ్రంథాలయాధికారులకు మా మనవి. వారికి ఈ తేల్చుటలో తోడుపడుట తెలుగు శాఖల అధ్యాపకుల, పరిశోధకుల విధి యని మా నిశ్చయము.